రెండు మధువులు

సంస్కృతమున 'మధు' శబ్దమునకు తేనె యని ఒక అర్థము, మద్యమని వేరొక అర్థము. మధుపానము, మధుమేహము అను రెండు మాటలును ఆ శబ్దమునుండి పుట్టినవే. మొదటిదానిలో మధువు నోటిగుండ లోనికి పోవును. రెండవదానిలో మూత్రముతో వెలికి వచ్చును. ఈ రెండును ఒకే దేహమున చేరినప్పుడు చెడునవి యేవియని వైద్యుని అడిగినచో ఆయన కన్నులు, మూత్రపిండములు, పాదములు, గుండె, కాలేయము అని వరుసగా చెప్పుకొనిపోవును. రోగి చెప్ప సిగ్గుపడునట్టిదియు, వైద్యుడు అడుగ మరచునట్టిదియు నగు ఒక్క విషయము మాత్రము ఆ వరుసలో తరచు జారిపోవుచుండును. అది పుంస్త్వము.

ఈ మౌనమునకు కొంత కారణము భాషయే. పౌరుషమనగా పురుషత్వము, పరాక్రమము కూడ. వీర్యమనగా రేతస్సు, శౌర్యము కూడ. క్లైబ్యము అను మాట చరకునికి ఒక వ్యాధి పేరు. భగవద్గీతలో అదే మాట అర్జునుని అధైర్యమునకు వాడబడినది. ఇక తెలుగు వాడుకలో మగతనము లేనివాడనుట వైద్యపరిభాష కాదు, తిట్టు. కంటిచూపు తగ్గినవానిని పిరికివాడని ఎవరును అనరు. మోకాలు నొచ్చినవాడు తన నొప్పిని అరుగుమీద కూర్చుండి నలుగురితో చెప్పుకొనును. కాని ఈ ఒక్క అంగము పట్టు తప్పినప్పుడు మనుష్యుని గుణమే చెడినదని మాటల పొందికయే నిర్ణయించి పెట్టినది. అందువలన వ్యాధి అపరాధమై, రోగి దొంగయై తిరుగుచున్నాడు.

ప్రాచీన వైద్యులకు ఇంత సంకోచము లేదు. చరకసంహిత చికిత్సాస్థానమున క్లైబ్యమును నాలుగు విధములుగా విభజించి, బీజోపఘాతము, ధ్వజభంగము, జర, శుక్రక్షయము అని పేర్లు పెట్టి, దేనికి దాని లక్షణములు చెప్పియున్నారు. ప్రమేహములు ఇరువది యనియు, వానిలో కఫమువలన పది, పిత్తమువలన ఆరు, వాతమువలన నాలుగు కలుగుననియు లెక్కించినవారును వారే. మధుమేహము ఆ కడపటి నాలుగింటిలోనిది. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను గమనించి వారు వ్యాధిని గుర్తించిరి. ఐరోపాలో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు ఆ తీపిని గూర్చి వ్రాసినది 1674లో. అది చక్కెరయే యని మాథ్యూ డాబ్సన్ చూపినది 1776లో. మధుమేహమునకును పుంస్త్వనాశమునకును గల సంబంధమును పారశీక దేశపు ఇబన్ సీనా తన వైద్యగ్రంథమున పేర్కొనియుండెను. 1798లో జాన్ రోలో అను బ్రిటిష్ సైన్యవైద్యుడు మరల దానిని వ్రాసెను. అయినను చాలకాలము ఎవరును దానిని పట్టించుకొనలేదు. దానికొక కఠినమైన కారణము కలదు. 1921లో టొరంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడువరకు ఈ వ్యాధి తీవ్రరూపమున పట్టిన బాలురు, యువకులు కొలది కాలములోనే మరణించుచుండిరి. బ్రదుకే లేనప్పుడు దాంపత్యమును గూర్చి ఎవరు అడుగుదురు? ఇన్సులిన్ వారికి ఆయువు నిచ్చినది. ఆ ఆయువుతో పాటు ఇరువది ముప్పది యేండ్లు చక్కెరలో నానిన నాడులును రక్తనాళములును తెచ్చిపెట్టు చిక్కులు బయటపడినవి.

అసలు ఆ అంగము పనిచేయు విధమేమి? బలమని లోకము భ్రమించునది నిజమునకు సడలుట. మనస్సున కోరిక పుట్టగానే వెన్నుపాము క్రింది భాగమునుండి బయలుదేరు నాడులు నైట్రిక్ ఆక్సైడు అను వాయువును విడుచును. రక్తనాళముల లోపలి పలుచని పొర కూడ దానినే పుట్టించును. ఆ వాయువు సోకగానే నాళముల గోడలయందలి మృదుకండరములు వదులగును; స్పంజివంటి కణజాలములోనికి రక్తము నిండును; నిండిన కణజాలము ఒత్తుటచే రక్తము వెలికి పోవు సిరలు మూతపడును. నాడి, నాళము, కండరము, హార్మోను, మనస్సు అను ఐదింటిలో ఏ ఒక్కటి సహకరింపకున్నను పని చెడును. నైట్రిక్ ఆక్సైడు ఇట్లు దేహమున వార్తాహరునివలె పనిచేయునని కనుగొన్నందులకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇందొక వింత కలదు. నైట్రోగ్లిసరిన్‌తో డైనమైటు చేసి ధనము గడించిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు అంత్యకాలమున గుండెజబ్బు వచ్చినప్పుడు వైద్యులు ఆ నైట్రోగ్లిసరిన్‌నే మందుగా వ్రాసి యిచ్చిరి. 1896లో ఆయన ఈ విధివిలాసమును గూర్చి ఒక లేఖలో వ్రాసికొనెను. ఆ మందు దేహమున నైట్రిక్ ఆక్సైడును విడుచుటచేతనే గుండె నాళములను వదులు చేయునని ఆయనకు తెలియదు. తన పేరిట నెలకొన్న బహుమానమే ఆ రహస్యమునకు దక్కుననియు తెలియదు.

రక్తమున చక్కెర యేండ్ల తరబడి మితిమీరియున్నచో ఈ యంత్రములోని ప్రతి భాగమును దెబ్బతినును. నాళముల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడును పుట్టించు శక్తిని కోల్పోవును. నాళములు గట్టిపడి, క్రొవ్వు పేరుకొని, ఇరుకగును. మన ఆజ్ఞతో నిమిత్తము లేక పనిచేయు నాడులు, అనగా గుండెవేగమును, జీర్ణమును, మూత్రాశయమును నడపు నాడులు, కొంచెము కొంచెముగా మొద్దుబారును. పాదములు తిమ్మిరెక్కుట రోగి గుర్తించును. లోపలి నాడుల తిమ్మిరి గుర్తింపడు. స్థూలకాయము కూడ తోడైన రెండవ రకపు మధుమేహమున కొందరికి టెస్టోస్టెరోన్ అను పురుష హార్మోను తగ్గి కోరికయే సన్నగిల్లును. మరికొందరికి మూత్రాశయపు ముఖద్వారము సకాలమున మూసికొనక, రేతస్సు ముందునకు రాక వెనుకకు మూత్రాశయములోనికి పోవును. చక్కెర అదుపులో లేనివారికి చర్మముపై బూజు జాతి సూక్ష్మజీవులు పెరిగి పుండ్లు, దురద కలుగుటయు సామాన్యమే.

అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమున 40 మొదలు 70 సంవత్సరముల వయస్సుగల పురుషులను పరిశీలించి 1994లో ప్రకటించిన లెక్క ప్రసిద్ధమైనది. వారిలో నూటికి 52 మందికి ఏదో ఒక మోతాదులో ఈ లోపము ఉన్నది. పూర్తిగా అశక్తులైనవారు మొత్తము మీద నూటికి పదిమంది లోపే కాగా, మధుమేహమునకు చికిత్స పొందుచున్నవారిలో మాత్రము 28 మంది. ఇతరులకు వృద్ధాప్యమున వచ్చు ఈ అవస్థ మధుమేహులకు పది పదునైదు సంవత్సరముల ముందే వచ్చునని వైద్యుల అనుభవము. ఆదిపర్వము చదివిన విద్యార్థికి ఇచ్చట యయాతి తలపునకు రాకపోడు. శుక్రాచార్యుని శాపముచే నడియౌవనమున ముదిమి పైకొన్న ఆ రాజు యదువును, తుర్వసుని, ద్రుహ్యుని, అనువును వరుసగా యాచించి, చివరకు పూరుని యౌవనమును పుచ్చుకొనెను. నేటి యయాతికి అప్పిచ్చు కొడుకు లేడు. పైగా మధుమేహము వంశానుగతముగా కూడ వచ్చు జబ్బగుటచే ఆ కొడుకునకే తండ్రి తన ముదిమిని పంచియిచ్చుట జరుగుచున్నది.

ఈ లోపమును దాచుటవలన పోవునది దాంపత్యసుఖము మాత్రమే యైనచో, అది వారి సొంత గొడవ యని ఊరకుండవచ్చును. పోవునది ప్రాణము కావచ్చును. పురుషాంగమునకు రక్తము తెచ్చు ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తము తెచ్చు ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఒకే పూడిక రెండింటిలోను సమానముగా పేరుకొనుచున్నప్పుడు ఏది ముందు మూసుకొనును? సన్ననిది. అందుచేత ఈ లోపము కనబడిన రెండు మూడు సంవత్సరములకు గుండెనొప్పి వచ్చుట అనేకుల విషయమున వైద్యులు గమనించియున్నారు. నలుబది అయిదేండ్ల వాడు, పొట్ట కొంచెము పెరిగినవాడు, ఈ మార్పును చూచి వయస్సు వచ్చినదిలే యని సరిపెట్టుకొనుచున్నాడనుకొనుడు. అతని దేహము మూడేండ్ల ముందుగా ఒక తంతి పంపినది. అతడు దానిని విప్పక చొక్కా జేబులో దాచుకొన్నాడు. ఆ మూడేండ్లలో రక్తపోటు, కొవ్వు, చక్కెర, పొగాకు అను నాలుగింటిని సవరించుకొనుటకు అవకాశముండెడిది. నిపుణులైన వైద్యులు నేడు ఈ ఫిర్యాదుతో వచ్చిన నడివయస్కునకు మొదట గుండెను పరీక్షింపుడని చెప్పుట ఇందువలననే.

ఇక రెండవ మధువు. యయాతిని శపించిన శుక్రాచార్యుడే కచుని కథలో మద్యమునకు బలియయ్యెను. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువునకు త్రాగించిరి. తన కడుపులోనున్న శిష్యుని బ్రదికించుటకు తన కడుపు చీల్చుకొనవలసి వచ్చిన ఆ గురువు, తిరిగి లేచిన వెంటనే చేసిన పని మద్యపానమును మహాపాతకముగా శాసించుట. త్రాగి తెలివి తప్పినవాడు స్వయముగా అనుభవించి చేసిన శాసనమగుటచే దానికి వేరొక విలువ కలదు. చరకుడు వేరొక త్రోవ త్రొక్కెను. ఓజస్సునకు పది గుణములు చెప్పి, మద్యమునకు సరిగా వానికి విరుద్ధములైన పది గుణములు చూపి, ఒకటి రెండవదానిని ఎట్లు చెరచునో వివరించెను. నేటి శాస్త్రము మాటలు వేరుగాని, ఆ ఎదురెదురు లెక్క మాత్రము తప్పుగా తోచదు.

మద్యము కోరికను పెంచునని లోకమున ఒక నమ్మకము. ఒకటి రెండు గుటకల వలన బిడియము తగ్గుట నిజమే. మెదడున అడ్డుకట్టగా నుండు భాగము ముందుగా నిద్రపోవుటచే అట్లు తోచును. కాని ఆ నిద్ర అచ్చటితో ఆగక నాడులలోనికి దిగును. అప్పుడు కోరిక మిగులును, శక్తి మిగులదు. మన దుకాణములలో అమ్ము విస్కీ, బ్రాందీలలో సాధారణముగా నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు. క్వార్టరు సీసా యనగా 180 మిల్లీలీటర్లు. అందు దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు. ఆరోగ్యముగానున్న కాలేయము గంటకు ఏడు మొదలు పది గ్రాముల వరకు మాత్రమే కాల్చగలదు. సాయంకాలము ఏడు గంటలకు ఒక క్వార్టరు ముగించిన వాని రక్తమున తెల్లవారుజామువరకు విషము తిరుగుచునే యుండును. ప్రతిరాత్రి ఇట్లే జరిగినచో కాలేయమునకు సెలవు దినమే లేదు.

1976లో అమెరికాలో ఆరోగ్యవంతులగు కొందరు పురుషులకు నాలుగు వారముల వరకు వైద్యుల సమక్షమున మద్యమిచ్చి రక్తపరీక్షలు చేసిరి. అంతలోనే టెస్టోస్టెరోన్ తగ్గినది. ఇరువది సంవత్సరములు త్రాగినవాని సంగతి ఊహింపవచ్చును. వృషణములలో ఆ హార్మోనును తయారుచేయు కణములకు ఆల్కహాలు సాక్షాత్తుగా విషము. కాలేయము గట్టిపడి ముదిరినపిదప స్త్రీ హార్మోను పాలు హెచ్చి, రొమ్ములు పెరుగుట, మీసములు గడ్డములు పలుచబడుట, వృషణములు కృశించుట సంభవించును. మగతనమునకు గుర్తుగా గ్లాసు పట్టినవానికి అది ఇచ్చు ప్రతిఫలమిది. బెంగుళూరు వైద్యులు 2007లో ప్రకటించిన ఒక పరిశీలనలో, మద్యమునకు బానిసలై చికిత్సకు చేరిన నూరుగురు పురుషులలో 72 మందికి ఒకటో రెండో లైంగిక లోపములు కనబడినవి. త్రాగుబోతులు భార్యలను అకారణముగా అనుమానించుట, కొట్టుట పల్లెలలో కొత్త గాదు. ఆ అనుమానము వెనుక ఒక అశక్తుని భయము దాగియుండవచ్చునని వైద్యులెరుగుదురు గాని, దెబ్బలు తిను ఇల్లాలికి ఎవరును చెప్పరు.

రెండు మధువులు కలిసినప్పుడు లెక్క కూడిక గాక హెచ్చవేత యగును. దీర్ఘకాల మద్యపానము క్లోమమును వాపు పుట్టించి చెరచును. ఇన్సులిన్ పుట్టుచోటు క్లోమమే కావున అట్టివానికి మధుమేహము క్రొత్తగా పుట్టును. మధుమేహము నాడులను తినుచుండ మద్యము కూడ, థయామిన్ అను బి1 విటమిన్ కొరతను తోడు తెచ్చుకొని, వానినే తినును. అన్నిటికంటె ప్రమాదము వేరొకటి. కడుపు నిండ తినక త్రాగిన రాత్రి కాలేయము రక్తమునకు చక్కెర నందించుట మానివేయును. ఇన్సులిన్‌గాని, చక్కెరను దించు కొన్ని మాత్రలుగాని వాడుచున్నవాడు నడిరేయి స్మృతి తప్పును. ఇంటివారు మత్తులో పడియున్నాడని దుప్పటి కప్పి ఊరకుందురు.

తెలుగువారికి ఈ విషయము దూరపు ముచ్చట కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తముగా జరిపించి 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారము దేశమున మధుమేహులు పది కోట్లకు పైబడిరి. పెద్దవారిలో నూటికి 11.4 మంది. మధుమేహపు గడపలో నిలిచినవారు మరి 15.3 మంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతట 15 సంవత్సరములు దాటిన పురుషులలో త్రాగువారు నూటికి సుమారు 19 మందియని తేలగా, తెలంగాణమున 43 మంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు తమ వాచకములోని ఒక పాఠము చదివి లేచి 1992లో సారా దుకాణము మూయించిన సంగతి ఉపాధ్యాయులెల్లరకు తెలిసినదే. అది ఊరూర ప్రాకి 1993 అక్టోబరులో సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. ఆ నిషేధము 1997లో సడలింపబడెను. ఒక పాఠ్యపుస్తకపు పాఠమునకు ఇంతటి ఫలము దక్కుట మన విద్యాచరిత్రలో అరుదు.

సిగ్గుపడినవాడు వైద్యుని వద్దకు పోడు గాని, ఊరకయు కూర్చుండడు. గోడలమీద, రైలుకట్టల ప్రక్కన వ్రాసిన ప్రకటనలు అతనికి దారి చూపును. ఆ గుడారములకు పోవువారిలో పలువురు జబ్బే లేని పడుచువాండ్రు. నిద్రలో రేతస్సు పోయినచో ఒడలి సారమంతయు కరగిపోవునను భయము మన దేశమున తరతరముల నాటిది. వైద్యాచార్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దానికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరుపెట్టి, చికిత్స కావలసినది భయమునకే గాని ధాతువునకు కాదని స్పష్టపరచెను. పదునారేండ్ల విద్యార్థికి ఈ ఒక్క మాట జీవశాస్త్రపు పాఠములో చెప్పినచో ఎన్ని నిద్రలేని రాత్రులు తప్పును! ఇక నిజముగా జబ్బున్నవానికి గుడారపు పొడి ప్రాణాంతకము కావచ్చును. మూలికలని అమ్ము మందులలో సిల్డెనాఫిల్ అను రసాయనమును రహస్యముగా కలుపుచున్నట్లు పెక్కు దేశముల అధికారులు పట్టుకొనిరి. 1998లో వెలువడిన ఆ మందు నిజమైన మందే. వైద్యుడు చూచి యిచ్చినచో మేలు చేయును. కాని నాడి విడుచు నైట్రిక్ ఆక్సైడు ఫలమును అది నిలువ జేయునే గాని ఆ వాయువును పుట్టింపజాలదు. అందుచే నాడులు చచ్చిన మధుమేహులకు దాని ఫలము తక్కువ. గుండెనొప్పికి నాలుక క్రింద నైట్రేటు మాత్ర వాడువాడు దానిని మ్రింగినచో రక్తపోటు పాతాళమునకు దిగి మరణింపవచ్చును. పొడిలో నేమున్నదో తెలియని రోగి ఆ రెండింటిని ఒకే సాయంకాలము పుచ్చుకొన్నచో తప్పు ఎవరిది?

బిడ్డలు కలుగకపోయిన యిండ్లలో మరియొక అన్యాయము జరుగును. పరీక్షలన్నియు కోడలికే. ఆమెకు మాత్రలు, సూదులు, శస్త్రచికిత్సలు, మ్రొక్కుబడులు. భర్త రేతస్సును పరీక్షించుటకు కొలది సేపు, కొలది రూకలు చాలును, నొప్పియు లేదు. అతని రేతస్సు వెనుకకు మూత్రాశయములోనికి పోవుచున్నదని సంయోగానంతరము మూత్రమును సూక్ష్మదర్శినిలో చూచినచో తెలిసిపోవును. అట్టి మూత్రమునుండియే బీజకణములను వేరుచేసి సంతానము కలిగించు పద్ధతులును నేడు ఉన్నవి. ఆ పరీక్షకు అంగీకరింపని పౌరుషము ఒక స్త్రీని గొడ్రాలనిపించుటకు మాత్రము వెనుదీయదు.

పోయినది తిరిగి వచ్చునా? కొంత వచ్చును, ఎంత వచ్చునో ఎంత ముందుగా మేలుకొన్నారన్న దానిపై ఆధారపడును. 2004లో ఇటలీ వైద్యులు ఇంకను మధుమేహము రాని స్థూలకాయులు, ఈ లోపము గలవారు 110 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు రెండేండ్లపాటు ఆహారనియమము, వ్యాయామము దగ్గరుండి చేయించిరి. వారిలో మూడవవంతునకు ఏ మందును లేకయే శక్తి తిరిగి వచ్చెను. సామాన్యముగా సలహా విని వెడలిన రెండవ భాగమున ముగ్గురికి మాత్రమే వచ్చెను. మధుమేహము వచ్చినవానికి ఇది కష్టతరము, అయినను చక్కెర అదుపున నున్నచో నాడుల నాశము మందగించును. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్‌బిఏ1సి పరీక్ష 6.5 శాతము దాటినచో అది మధుమేహమే. పరగడుపున 126 మిల్లీగ్రాములు దాటినను అంతే. ఎర్ర రక్తకణము దాదాపు 120 దినములు జీవించుటచే, పరీక్షకు ముందు రెండు దినములు తీపి మానివచ్చి వైద్యుని మోసపుచ్చుట ఆ పరీక్షతో సాగదు.

మద్యము మానినవారిలో పెక్కుమందికి కొన్ని నెలలలో హార్మోను కోలుకొనును. వృషణములు కృశించి, కాలేయము గట్టిపడినవారికి ఆశ తక్కువ. అయితే ఏండ్లుగా ప్రతిదినము త్రాగినవాడు ఒక్క ఉదయమున ఒట్టు వేసికొని ఇంట తలుపు వేసికొని మానుట క్షేమము కాదు. రెండవ మూడవ దినమున చేతులు వణకి, లేనివి కనబడి, మూర్ఛలు వచ్చి, కొందరు మరణించుటయు కలదు. అట్టివానిని ఆస్పత్రిలో చేర్చి, బి1 విటమిన్ ఇచ్చి, వణకు దిగువరకు మందులతో కాచి మాన్పింపవలెను. పోవునప్పుడు ఇల్లాలు వెంట నుండుట మంచిది. ఎంత త్రాగుదువని వైద్యుడు అడిగినప్పుడు సరియైన లెక్క చెప్పునది సాధారణముగా ఆమెయే.